గడ్డం కింద ఇరవై చుక్కలు

ఆ వీడియో తీసింది నేనే. ఫోన్ పట్టుకునేవాళ్లు ఎవరూ లేక, దాన్ని బల్ల మీద చాక్‌పీసుల డబ్బాకు ఆనించి పెట్టి, బోర్డు దగ్గర నిలబడి జీర్ణక్రియ పాఠం చెప్పాను. పొదిలి దారిలో ఒక పల్లెలో హైస్కూలు మాది. నేను అక్కడ జీవశాస్త్రం టీచర్ని. పాఠాలు వీడియో తీసి పంపమని పైనుంచి చెప్పారు. సాయంత్రం మార్కాపురంలో ఇంటికి వచ్చాక, పంపేముందు ఒకసారి చూసుకుందామని తెరిచాను. ఫోన్ కింద ఉంది, నేను పైన ఉన్నాను. నోటి నుంచి అన్నవాహిక, అన్నవాహిక నుంచి జీర్ణాశయం అని నేను చెబుతూ ఉంటే, నా గడ్డం కింద ఇంకో గడ్డం ఆ మాటలకు తగ్గట్టు కదులుతోంది. పాఠం వినడం మానేసి దాన్నే చూస్తూ కూర్చున్నాను.

సిగ్గనిపించలేదంటే అబద్ధం. కానీ సిగ్గుకన్నా ముందు ఆశ్చర్యం వేసింది. ఇది ఎప్పుడు వచ్చింది? నాకు నలభై నాలుగేళ్లు. పెద్ద లావేమీ కాను. పెళ్లినాటి జాకెట్టు ఒకటి ఇప్పటికీ పడుతుంది. మరి ఇది ఒక్కటీ ఇక్కడికి వచ్చి ఎందుకు కూర్చుంది?

అద్దం ముందు నిలబడి గడ్డం అటూ ఇటూ తిప్పుకుంటున్నాను. మా అమ్మ చూసింది. అమ్మ మా దగ్గరే ఉంటుంది. నాకు ఉద్యోగం వచ్చేదాకా పలకల ఫ్యాక్టరీలో పలకలు నున్నగా రుద్దే పని చేసింది. ఇప్పుడు డెబ్భై దాటినా ఆమె మెడలో ఎముకలే గానీ కండ కనిపించదు.

"ఏంది పాపా, పన్ను నొప్పా?"

"కాదమ్మా. ఇది చూడు. నీకు లేదు గదా. నాకెట్ల వచ్చింది?"

అమ్మ కళ్లజోడు పెట్టుకుని దగ్గరికొచ్చి, రెండు వేళ్లతో పట్టి చూసింది.

"మీ నాయనకు ఉండేది" అంది.

నాకు నాలుగేళ్లప్పుడు నాయన పోయాడు. ఇంట్లో ఆయన ఫోటో ఒక్కటి కూడా లేదు. బాగా పొడుగనీ, చర్చిలో పాటలు పాడేవాడనీ విన్నాను గానీ, ముఖం ఎట్లా ఉండేదో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

"మనిషి బక్కోడే. కూలికి పోయేటోడికి కొవ్వు యాడుంటది? కానీ గడ్డం కింద మాత్రం ఇట్లనే ఉండేది. పాట ఎత్తుకున్నాడంటే ఊగేది" అని అమ్మ నవ్వింది.

రెండు రోజులు ఆ మాట నాతోనే తిరిగింది. బస్సులో, స్టాఫ్‌రూములో చెయ్యి తనంతట తానే గడ్డం కిందకు పోయేది. ముఖమే తెలియని మనిషిది ఒక ముక్క నా దగ్గర ఉందని తెలిస్తే ఎట్లా ఉంటుందో మాటల్లో పెట్టలేను. అయినా దాని మీద పెద్ద మమకారం పుట్టుకొచ్చిందని చెబితే అది నిజం కాదు. తెలుసుకోవాలన్న కుతూహలం మాత్రం పెరిగింది.

ఆ వారమే కనుబొమ్మలు చేయించుకోవడానికి మా వీధి చివర ఉన్న బ్యూటీపార్లర్‌కు వెళ్లాను. పార్లర్ నడిపే అమ్మాయి దారం లాగుతూ నా గడ్డం వైపు చూసింది.

"అక్కా, ఏమనుకోవద్దు. దీనికి ఇప్పుడు ఇంజెక్షన్ వచ్చింది. కోత లేదు, కుట్లు లేవు. నేనూ వేస్తాండా. రెండు దినాలు క్లాసుకు పోయి నేర్చుకున్నా."

"ఏదీ, ఆ మందు చూపించు."

అలమరలోంచి చిన్న పెట్టె తీసి ఇచ్చింది. దాని మీద అక్షరాలు తెలుగూ కాదు, ఇంగ్లీషూ కాదు. లోపల ఐదు చిన్న సీసాలు ఉన్నాయి. నీళ్లలా తేటగా ఉంది మందు.

"దీంట్లో ఏముంది?"

"కొవ్వు కరిగించే మందక్కా."

"అది సరే. ఆ మందు పేరేంది?"

"అదేనక్కా. ఆన్‌లైన్లో కొవ్వు కరిగేది అని కొడితే వస్తాది."

"ఎక్కడ గుచ్చుతావు?"

"యాడ కొవ్వుంటే ఆడ."

ఆ అమ్మాయి మోసం చేసే మనిషి కాదు. తనకు తెలిసినంతా నిజాయితీగానే చెప్పింది. తెలిసింది అంతే, అదే నన్ను భయపెట్టింది. వద్దులేమ్మా అని కనుబొమ్మలు మాత్రం చేయించుకుని వచ్చేశాను. కానీ ఆ సీసాలో ఏముందన్న ప్రశ్న ఇంటిదాకా వచ్చింది. కొవ్వును కరిగించి, పక్కన ఉన్న కండనూ చర్మాన్నీ వదిలేసే నీళ్లలాంటి వస్తువు ఏమై ఉంటుంది?

ఒంగోలులో చర్మవైద్యురాలు ఉందని తెలుసుకుని వెళ్తానన్నాను. మా ఆయన ఆర్టీసీ డ్రైవరు. "నీ గడ్డం నాకేం అడ్డమొచ్చింది?" అన్నాడు. తర్వాత, "అడుగు, అడిగితే తప్పేముంది" అన్నాడు. అమ్మ తానూ వస్తానంది. ఇద్దరం బస్సెక్కాం.

డాక్టరు ముప్పై అయిదేళ్ల మనిషి. ముందు పక్కనుంచి, ఎదురుగా చూసింది. గడ్డం కింద పట్టుకుని నొక్కింది. నీళ్లు మింగమంది. మెడ బిగించమంది. పళ్లు కనపడేట్టు "ఈ" అనమంది. ఆ నవ్వును ఫోటో తీసింది. మింగుడు ఇబ్బంది ఉందా, రక్తం పలుచబడే మాత్రలు వాడుతున్నారా, థైరాయిడ్ ఉందా అని అడిగింది. గడ్డం కింద కనిపించేదంతా కొవ్వే కాకపోవచ్చని, గ్రంథి వాచినా అట్లా కనిపిస్తుందని, ముందు ఆ పరీక్ష చేయించుకు రమ్మని రాసింది.

పార్లర్‌లో అడిగిన ప్రశ్నే మళ్లీ అడిగాను. "మేడమ్, ఆ మందులో ఏముంటుంది?"

"డీఆక్సీకోలిక్ ఆమ్లం. పేరుకు భయపడొద్దు. మీ పేగుల్లో ఉండేదే. దాన్నే ల్యాబులో తయారుచేస్తారు."

నేను కుర్చీ ముందుకు జరుపుకున్నాను. "పైత్యరసంలో ఉండేదా? కొవ్వును చిన్న చిన్న బొట్లుగా విడగొట్టేది?"

ఆమె పెన్ను కింద పెట్టింది. "మీరేం చేస్తుంటారమ్మా?"

"జీవశాస్త్రం టీచర్ని."

"అట్లా చెప్పండి మరి" అని, మందుల చీటీల పుస్తకంలోంచి ఒక కాగితం చించి బొమ్మ గీయడం మొదలుపెట్టింది. గుండ్రంగా కొవ్వు కణాలు, వాటి చుట్టూ పొర. మందు తగిలితే ఆ పొర చిట్లుతుంది, లోపలి కొవ్వు బయట పడుతుంది, దాన్ని ఎత్తిపోయడానికి శరీరంలోని తెల్లకణాలు వస్తాయి, అవి వచ్చినందుకే వాపు. చిట్లిన కణం మళ్లీ పుట్టదు. ఇరవై ఏళ్లుగా పైత్యరసం గురించి చెబుతున్నాను. దాన్ని పేగులో తప్ప ఇంకెక్కడా ఊహించలేదు. దాన్ని తీసి సూదిలో ఎక్కించి గడ్డం కింద పెట్టవచ్చని మొదట ఎవరికి తోచిందో!

"దానికి కొవ్వు కణమేదో, వేరే కణమేదో తెలుస్తుందా మేడమ్?"

"తెలీదు" అంది డాక్టరు. "ఈ మాట ఎవరూ అడగరు. కొవ్వు కణం మీద ఎక్కువ పనిచేస్తుంది గానీ, ఏ కణాన్నైనా అది దెబ్బతీయగలదు. కొవ్వున్న చోటే దాన్ని దించడం నా పని. మరీ పైన వేస్తే చర్మం పుండు పడుతుంది. పక్కకు పోతే ఇక్కడొక నరం ఉంది." నా దవడ అంచున వేలితో గీసి చూపించింది. "దానికి తగిలితే నవ్వు ఒకవైపుకు వంకరపోతుంది. చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. అయినా జరగొచ్చని ముందే చెప్పాలి. ఒక్కసారితో అయ్యేదీ కాదు. మధ్యలో కనీసం నెల ఎడం ఉండాలి. ఆలోచించుకుని రండి."

తిరుగు బస్సులో అమ్మ ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ఒలుస్తోంది. నేను అడిగాను.

"అమ్మా, ఇది నాయనది గదా. తీయించుకుంటే నీకేమన్నా అనిపిస్తాదా?"

అమ్మ నా వైపు వింతగా చూసింది. "ఆయన్ని తలుచుకోడానికి నాకు నీ గడ్డం కావాల్నా?" అని ఒక కాయ నా చేతిలో పెట్టింది. కొంచెం సేపటికి, "ఆయన కోపం కూడా నీకే వచ్చినాది. దానికేమన్నా ఇంజెక్షన్ ఉంటే ఈసారి అడుగు" అంది.

థైరాయిడ్ పరీక్ష బాగానే వచ్చింది. ఒక శనివారం సెలవు పెట్టుకుని మళ్లీ వెళ్లాం. వెయిటింగ్ హాలులో అమ్మ నా తల మీద చెయ్యి పెట్టి గట్టిగా ప్రార్థన చేసింది. మొటిమలకు వచ్చిన ఇద్దరు కాలేజీ పిల్లలు కూడా తలలు వంచి ఆమెన్ అన్నారు.

లోపల బల్ల మీద పడుకోబెట్టారు. డాక్టరు ముందు దవడ అంచు పొడవునా పెన్నుతో గీత గీసింది. ఆ గీత దాటి సూది పోకూడదట. తర్వాత చుక్కలున్న పల్చని కాగితం గడ్డం కింద అతికించి, తడి దూదితో అద్ది, లాగేసింది. చుక్కలు చర్మం మీద దిగాయి. నర్సు లెక్కపెట్టింది. ఇరవై. ఐసు పెట్టి తిమ్మిరెక్కించాక సూది మొదలైంది. గుచ్చడం చీమ కుట్టినంతే. నిమిషం తర్వాత అసలుది మొదలైంది. పచ్చిమిరపకాయలు నూరిన చెయ్యి కడుక్కోకుండా రుద్దుకున్నట్టు మంట. కణాలు చిట్లుతున్నాయి, ఇప్పుడే చిట్లుతున్నాయి అనుకుంటూ పడుకున్నాను. పన్నెండో చుక్క దగ్గర ఆగలేక అడిగాను.

"మేడమ్, ఒకసారి అద్దం ఇస్తారా?"

"ఇప్పుడా?" అని నవ్వింది. కానీ ఇచ్చింది. నా గడ్డం కింద, సూది దిగిన ప్రతిచోటా ఎర్రగా కంది ఉబ్బి ఉంది. గుచ్చని చుక్కలు ఇంకా నల్లగా వరసలో ఎదురుచూస్తున్నాయి. చూసి పడుకున్నాను. మిగతా ఎనిమిదీ త్వరగానే అయిపోయాయి.

ఇంటికి చేరేసరికి వాపు మొదలైంది. తెల్లారి ఆదివారం అద్దంలో చూస్తే గడ్డం ఎక్కడ ఆగిందో, మెడ ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. తగ్గించుకోబోయి రెండింతలు చేసుకున్నాను. ముట్టుకుంటే ఆ చోటు నాది కానట్టు మొద్దుగా ఉంది. అయినా చర్చి మానలేదు. ఆరాధన అయ్యాక బయట ఒక పెద్దామె పట్టుకుంది.

"వందనాలు టీచరమ్మా. ఏంది గడ్డం ఇట్ల వాచిపోయినాది? పన్ను పీకిచ్చుకున్నావా?"

అవునన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అమ్మ నాకన్నా ముందు నోరు తెరిచింది. "పన్ను గాదు వదినా. గడ్డం కింద కొవ్వు కరగనీకి సూదులేయించుకుంది."

వెంటనే అయిదారుగురు చుట్టూ చేరారు. ఒకామె నా గడ్డం ముట్టుకుని చూసింది. ఇంకొకామె తన గడ్డం పైకెత్తి, "నాకుండేది కొవ్వేనా చూడు టీచరమ్మా" అంది. నొప్పి పుట్టిందా, ఎన్నిసార్లు వేస్తారు, తిండి తగ్గిస్తే పోదా అని అడిగారు. కొందరికి పోతుంది, కొందరికి ఒళ్లంతా తగ్గినా అక్కడ మాత్రం పోదని డాక్టరు చెప్పిందే చెప్పాను. మిరపకోతకు పోయే ఒకామె నడుం మీద చేతులు పెట్టుకుని వింటోంది.

"మాకిట్లాంటియ్యి రావమ్మా. నువ్వు ఒక్క నెల మాతోటి కోతకు రా. గడ్డమే గాదు, బుగ్గలు గూడా పోతాయి."

అందరం నవ్వాం. నేను కూడా గట్టిగా నవ్వాను. అప్పుడామె నవ్వు ఆపేసింది.

"ఏందమ్మా, నీ నవ్వు ఒకపక్కకు పోతాంది?"

ఇంటికొచ్చి అద్దం ముందు "ఈ" అన్నాను. కుడివైపు కింది పెదవి దిగి పళ్లు కనిపించాయి. ఎడమవైపు పెదవి కదలలేదు. మళ్లీ అన్నాను. అంతే. డాక్టరు చెప్పిన నరం ఇదే. ముందే చెప్పింది, నేనూ తల ఊపాను. అయినా అది నాకే జరుగుతుందని అట్లా తల ఊపినప్పుడు అనుకోలేదు.

డాక్టరుకు ఫోన్ చేస్తే, నేను నవ్వుతున్నప్పుడు వీడియో తీసి పంపమంది. పంపాను. వెంటనే ఫోన్ చేసి, తాను అనుమానపడ్డదే అయిందని దాచకుండా ఒప్పుకుంది. "గీతకు లోపలే వేశాను. అయినా మందు కొంచెం పాకినట్టుంది. నరం తెగలేదు, వాపుకు మొద్దుబారింది. సర్దుకుంటుందనే నా నమ్మకం. మింగడం ఇబ్బందైతే మాత్రం వెంటనే రండి. వారం వారం వీడియో పంపండి."

సోమవారం బడికి పోయాను. మాకు హాజరు ఫోన్లోనే. ముఖం చూపిస్తే అది గుర్తుపట్టి హాజరు వేస్తుంది. ఆ రోజు నా ముఖం దానికి నచ్చలేదు. సరిపోలలేదని మూడుసార్లు చెప్పింది. హెడ్మాస్టరు వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"కొంచెం గడ్డం ఎత్తండి మేడం... వద్దు వద్దు, దించండి. నవ్వండి."

"నవ్వితే ఇంకా గుర్తుపట్టదు సార్."

అప్పుడు విషయం చెప్పక తప్పలేదు. ఆయన ఎగతాళి చేయలేదు. నా ముఖం వంక శ్రద్ధగా చూసి, "కొంగుతో కింద కప్పి చూడండి" అన్నాడు. కొంగు గడ్డందాకా లాక్కుని నిలబడితే అయిదోసారికి గుర్తుపట్టింది. వాపు దిగేదాకా పది రోజులు ఫోన్ ముందు అట్లాగే ముసుగేసుకుని నిలబడ్డాను.

పెదవి మాత్రం అంత తొందరగా రాలేదు. ఆ వారాల్లో నవ్వకుండా ఉండటం ఎంత కష్టమో తెలిసింది. పిల్లలు తమాషా మాట ఏదన్నా అంటే బోర్డు వైపు తిరిగిపోయేదాన్ని. భయం ఉండేది. దాంతోపాటు, ఒప్పుకోవడానికి కొంచెం వింతగా ఉన్నా, చూడాలన్న ఆశ కూడా ఉండేది. ప్రతి ఆదివారం కిటికీ దగ్గర ఒకే చోట కూర్చుని "ఈ" అని వీడియో తీసుకునేదాన్ని. మూడో వారం తేడా లేదు. నాలుగో వారం ఎడమవైపు ఒక పన్ను అంచు కనిపించింది. అమ్మను పిలిచి చూపించాను. "వచ్చింది గదా! ఒక పన్ను వచ్చిందంటే మిగతాయి వస్తాయి" అని పసిపిల్లకు పళ్లు మొలిచినంత సంబరపడింది. ఏడో వారానికి రెండు వైపులా ఒకటైపోయాయి.

తర్వాత ఒంగోలు పోతే డాక్టరు మొదటి రోజు ఫోటో, ఆ రోజు ఫోటో పక్కపక్కన పెట్టి చూపించింది. పక్కనుంచి చూస్తే గడ్డం కింద వంపు సగానికి తగ్గింది. నేను చాలాసేపు చూశాను.

"ఇక్కడితో ఆపేద్దామన్నా నాకు అభ్యంతరం లేదు. మీరు పడిన ఇబ్బంది నాకు తెలుసు" అంది.

"మీరైతే ఏం చేస్తారు మేడమ్?"

ఆమె రెండు ఫోటోలనూ మళ్లీ చూసింది. "నేనైతే ఇంకొక్కసారి, నడిమధ్యలో మాత్రమే వేయించుకుంటాను. అంచుల జోలికి పోను."

అట్లాగే అనుకున్నాం. రెండోసారి పన్నెండు చుక్కలే. అదే మంట, కొంచెం తక్కువ వాపు. ఇంటికొచ్చి పది నిమిషాలకొకసారి "ఈ" అంటుంటే మా ఆయన, "పాపం, పక్కింటోళ్లు ఏమనుకుంటారో" అన్నాడు. ఈసారి పెదవికి ఏమీ కాలేదు. రెండు నెలలకు చూసి, ఇక చాలు, ఇంకా తీస్తే చర్మం వదులవుతుందని డాక్టరే చెప్పింది.

ఎంత తగ్గిందంటే, తెలిసినవాళ్లకు తెలుస్తుంది. తలవంచి పుస్తకం చదివితే ఇప్పటికీ ఒక మడత పడుతుంది. బడిలో ఎక్కువమంది గమనించలేదు. "ఏది పోయింది? అట్లనే ఉంది గదా" అంటుంది అమ్మ. నాకైతే ఎదురుగా చూస్తే దవడ గీత కనిపిస్తోంది. అది చూసుకుని సంతోషపడ్డానని చెప్పడానికి నాకు మొహమాటం లేదు. ఆ ఏడు వారాలు మళ్లీ పడమంటే పడతానా అని అడిగితే మాత్రం జవాబు తెలియదు.

మొద్దుదనం అన్నిటికన్నా చివరిదాకా మిగిలింది. గడ్డం కింద రూపాయి బిళ్లంత మేర స్పర్శ లేదు. అరటిపండు తొక్కను ముట్టుకున్నట్టు ఉండేది. పొద్దున్నే వేలి కొసతో దాని హద్దులు చూసుకునేదాన్ని. ఈ పక్క తెలుస్తోంది, ఇక్కడ తెలియడం లేదు, మళ్లీ ఇక్కడ తెలుస్తోంది. వారాలు గడిచేకొద్దీ ఆ హద్దు లోపలికి జరిగింది. ఒకరోజు బడికి తయారవుతూ ముఖం కడుక్కుంటుంటే, నీళ్లు గడ్డం మీదుగా జారి మెడలోకి పోతూ, మధ్యలో ఎక్కడా తెగకుండా చల్లగా తగిలాయి. కొళాయి కట్టేసి మళ్లీ తిప్పాను. మళ్లీ తగిలాయి. డాక్టరుకు ఫోన్ చేసి చెబితే, "ఎన్ని వారాలైంది?" అని అడిగింది. లెక్కపెట్టి చెప్పాను. అవతల ఆమె పెన్నుతో రాసుకుంటున్న చప్పుడు వినిపించింది.